కోనసీమ ఇంట్లో ఆర్వో మెషీన్: కాలవ నీళ్లకు దండగ, బోరు నీళ్లకు దిక్కు

ముందు మార్కులు చెప్పేస్తే ఓ పనైపోతుంది. గోడకు తగిలించే ఎనిమిది లీటర్ల ఆర్వో మెషీన్, అంటే నీటిని సన్నటి పొరలోంచి నెట్టి ఉప్పును ఆపేది. లోపల సూక్ష్మజీవులను చంపే యూవీ దీపం, వెనకాల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క, లీటరుకి మిల్లీగ్రాముల్లో) సరిచేసే మర ఉన్న రకం. రావులపాలెం, కొత్తపేట వైపు కాలవ నీళ్లు శుద్ధి చేసి కుళాయికి ఇచ్చే ఊళ్లో దీనికి ఐదుకి రెండు. సఖినేటిపల్లి, కాట్రేనికోన లాంటి తీరపు మండలాల్లో బోరు తప్ప గతిలేని ఇంటికి ఐదుకి నాలుగు. వస్తువు అదే, తేడా అంతా దాంట్లోకి వెళ్లే నీటిలో ఉంది.

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలవల్లో పారేది గోదారి నీరే. అందులో కరిగిన లవణాలు తక్కువ. టీడీఎస్ మీటరు ముంచితే మామూలుగా 200కి అటూఇటూ చూపిస్తుంది. భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీటికి 500 వరకు ఇబ్బంది లేదు, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. అంటే కాలవ నీటికున్న జబ్బు ఉప్పు కాదు. బురద, సూక్ష్మజీవులు. ఆర్వో పొర ఈ రెండింటినీ ఆపుతుంది, నిజమే. కానీ పీతను పట్టడానికి తిమింగలం వల ఎందుకు?

బోరు సంగతి వేరు. డెల్టా అంటేనే సముద్రం మీద నది పరిచిన ఒండ్రు. తీరం దగ్గర తీపి నీరు ఉప్పు నీటి మీద పల్చటి పొరగా తేలుతూ ఉంటుంది. ఎంత లోతుకి దింపితే అంత మంచి నీళ్లన్న మెట్టవాళ్ల లెక్క ఇక్కడ చాలాచోట్ల తిరగబడుతుంది. ఇసుక తిన్నెల్లో పదిహేను అడుగుల నుయ్యి తియ్యగా ఉంటే, పక్కనే వేసిన లోతు బోరు నోట్లో పెట్టుకోలేనట్టు ఉంటుంది. రొయ్యల చెరువులు చుట్టుముట్టిన చోట ఆ పైపొర కూడా చెడుతుంది. ఇలాంటి నీళ్లలో కందిపప్పు ఎంతసేపైనా మెత్తబడదు, సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లటి పెంకు కడుతుంది. మరిగించినంత మాత్రాన ఉప్పు పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. బీపీ ఉండి ఉప్పు తగ్గించమన్నవాళ్లు కూరలో ఉప్పుతో పాటు ఈ నీటి ఉప్పునీ లెక్కేసుకోవాలి. ఇక్కడ ఆర్వోకి ఇంట్లో వాడగలిగే ప్రత్యామ్నాయం లేదు.

అయితే హద్దు ఒకటుంది. ఇంటి మెషీన్లు చాలావరకు 2000 టీడీఎస్ దాకానే అని కంపెనీలే రాసుకుంటాయి. లోపలున్న 24 వోల్టుల చిన్న పంపు అంతకు మించి ఉప్పున్న నీటిని పొరలోంచి సరిగ్గా నెట్టలేదు. కొనేముందు రెండు మూడు వందల రూపాయల మీటరుతో మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి కొలవండి. మే లెక్కే అసలు లెక్క.

వృథా నీటి గురించి అందరూ తిడతారు, కొలిచేవాళ్లు తక్కువ. లీటరు మంచినీళ్లకు సుమారు మూడు లీటర్లు వేస్టు పైపులోంచి పోతాయి. వంటకీ తాగడానికీ రోజుకి 20 లీటర్లు కావాలంటే 60 లీటర్లు బయటికి. కాలవ నీరైతే ఆ వదిలేసిన నీటి టీడీఎస్ 270 దాటదు. అంట్లకీ, మొక్కలకీ నిక్షేపంగా వాడొచ్చు, బకెట్టు పెట్టుకోండి. అదే 2000 ఉన్న బోరు నీరైతే బయటికొచ్చేది 2600. మరుగుదొడ్డికి సరే గానీ కరివేపాకు మొక్కకి పోస్తే నెలలోపే ఆకు అంచులు మాడతాయి. ఒక గ్లాసు మంచినీళ్ల పైపు కింద, ఒక గ్లాసు వేస్టు పైపు కింద నిమిషం పాటు పట్టి చూడండి. వేస్టు బొట్లు బొట్లుగా వస్తుంటే సంతోషపడకండి. నీటి వేగాన్ని అదుపుచేసే చిన్న గొట్టం సున్నంతో పూడుకుపోయిందని అర్థం. ఉప్పంతా మెంబ్రేన్, అంటే ఆర్వో పొర మీదే పేరుకుని, రెండేళ్లు రావాల్సినది ఆరు నెలలకే పోతుంది.

జూలై, ఆగస్టుల్లో గోదారిలో వరద ఎర్రనీరు దిగుతుంది. పులస చేపకి అది పండగ, ఫిల్టరుకి గండం. బయట గోడకుండే బౌలులో ఐదు మైక్రాన్ల దారపు క్యాండిల్ మామూలు రోజుల్లో మూడు నెలలు ఆగుతుంది. కుళాయిలోనూ ఆ రంగు వచ్చే ఊళ్లో వరద రోజుల్లో రెండు వారాలకే బెల్లం ముద్దలా అవుతుంది. అప్పుడు పంపుకి నీరు అందక మెషీన్ కీచుమంటుంది, ట్యాంకు నిండదు. మెకానిక్ వచ్చి మెంబ్రేన్ మార్చాలంటాడు. ముందు క్యాండిల్ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

క్యాండిల్ ప్రాణం నిలబెట్టేది పాత పద్ధతే. 20 లీటర్ల బిందెకి పటిక గ్రాము, పొడి చేసి వేయాలి. ముందు గబగబా ఓ నిమిషం, తర్వాత నెమ్మదిగా ఐదు నిమిషాలు తిప్పి, గంట సేపు కదపకుండా వదిలేయాలి. చాలామంది ముక్కని ఇరవైసార్లు గిరగిరా తిప్పి వెంటనే వడకడతారు. బురద ముద్దలు కట్టడానికి వ్యవధి ఇవ్వకపోతే పటిక నీళ్లలోనే మిగిలిపోయి వగరు తగులుతుంది. చిల్లగింజ అరగదీసి వేసేవాళ్లకీ ఇదే సూత్రం. పైన తేరిన నీటిని వేరే బిందెలోకి వంచాకే క్లోరిన్ బిళ్ల వేయాలి, అరగంట ఆగాలి. బురద ఉండగా వేస్తే క్లోరిన్‌ని బురదే తినేస్తుంది. క్లోరిన్ వేసిన నీరు మెషీన్లో పోస్తే మధ్యలో ఉన్న బొగ్గు ఫిల్టరు బాగుండాలి. అది అయిపోయాక క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ చిల్లులు పడ్డట్టే.

ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక జూన్‌లో మళ్లీ వదిలేదాకా ఊరి మంచినీళ్ల చెరువులో నిలవ చేసిన నీరే ఆధారం. నాచు వాసన వస్తుంది. దానికి పనిచేసేది బొగ్గు ఫిల్టరే, ఆర్వో కాదు.

టీడీఎస్ మర ఎందుకంటే, 200 నీటిని పొరలోంచి పంపితే 15కి పడిపోయి చప్పగా, టీకి కూడా పనికిరానట్టు ఉంటుంది. మర తిప్పితే పొర దాటని నీరు కొంత కలుస్తుంది. కాలవ నీటికి తెరవండి, 80 నుంచి 100 మధ్య రుచి బాగుంటుంది. బోరు నీటికి దాదాపు మూసే ఉంచాలి, లేకపోతే తీసేసిన ఉప్పునే మళ్లీ కలుపుకున్నట్టు. కలిసే నీటికి యూవీ దీపం ఒక్కటే కాపలా, అదీ ఏడాదికోసారి మార్చాలి. ముందున్న నీలం లైటు వెలుగుతోందంటే దీపం బాగుందని కాదు, దానికి కరెంటు అందుతోందని మాత్రమే.

మెంబ్రేన్ పోయిందో లేదో తేల్చాలంటే మర పూర్తిగా మూసి రెండు వైపులా కొలవాలి. 1500 లోపలికి వెళ్లి 100 వస్తే కొత్తదాని లెక్క. 300 దాటితే మార్చాల్సిందే. మర తెరిచి కొలిచి, ఎక్కువొచ్చిందని మంచి మెంబ్రేన్‌ని పారేయించే మెకానిక్కులు ఉన్నారు.

తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఈ మెషీన్ అలంకారమే. ట్యాంకులో ఉన్న ఎనిమిది లీటర్లే ఆధారం. అందుకే కాలవ నీళ్లున్న ఇంటికి కరెంటు అక్కర్లేని యూఎఫ్ ఫిల్టరు, అంటే ఆర్వో కన్నా పెద్ద రంధ్రాలున్న పొర ఉన్నది కొనమంటాం. ధర తక్కువ, వృథా లేదు, సూక్ష్మజీవుల్లో చాలావరకు ఆపుతుంది, పైగా క్లోరిన్ బిళ్ల తోడుంటే చాలు.

వార్షిక సర్వీసు కాంట్రాక్టులో మెంబ్రేన్, పంపు ఉన్నాయో లేదో కాగితం మీద చూసుకోండి. క్యాండిళ్లు మాత్రమే ఉన్నదానికి సగం డబ్బు కూడా దండగ.

అమ్మకానికి వచ్చినవాళ్లు రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచి, మీ నీళ్లు గోధుమ రంగు ముద్దగా మారడం, వాళ్ల నీళ్లు తేటగా ఉండటం చూపిస్తారు. ఆ ముద్ద మీ నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి పట్టిన తుప్పు. లవణాలున్న ఏ నీటిలోనైనా కరెంటు పారుతుంది కాబట్టి అలా వస్తుంది. వాళ్ల గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి.