పుస్తకం కనపడదు, వినపడుతుంది: ఆరేళ్ల శ్రోతగా నా సమీక్ష

అరుదైన పుస్తకాల వ్యాపారం మీద వారానికోసారి రేడియోలో వచ్చే అరగంట చర్చను ఆరేళ్లుగా వింటున్నాను. కంటితో చూసి కొనాల్సిన వస్తువు గురించి చెవిలో చెబితే ఏం లాభమని మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు మాత్రం దాని బలమే అదంటాను.

చూపించే వీలు లేదు కాబట్టి, వచ్చిన డీలర్ పుస్తకాన్ని మాటల్లో పెట్టక తప్పదు. అట్ట అంచులు ఎక్కడ అరిగాయి, వెన్ను ఎండకు ఎంత వెలిసింది, తుప్పురంగు మచ్చలు ఎన్ని పేజీల దాకా పాకాయి, లైబ్రరీ ముద్ర ఉందా లేదా, అన్నీ చెప్పాలి. మంచి కేటలాగుల్లో రాసేదీ ఇలాగే. అవి వినీ వినీ, ‘కండిషన్ బాగుంది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టిన ప్రకటన కనపడితే ఇప్పుడు ఆగకుండా దాటేస్తున్నాను.

నాకు బాగా పనికొచ్చింది బుక్ క్లబ్‌లు తమ సభ్యులకు వేసే ప్రతుల మీద చేసిన ఎపిసోడ్. అంతకు రెండేళ్ల ముందు, ఒక అమెరికన్ నవల మొదటి ముద్రణ అని నమ్మి గట్టిగానే డబ్బు పోశాను. ఎపిసోడ్ సగంలో ఉండగానే లేచి దాన్ని బీరువాలోంచి తీశాను. అట్ట మీద తొడిగే కాగితపు జాకెట్ లోపలి మడత మీద ధర లేదు. ఎవరో కత్తిరించి ఉంటారులే అనుకుందామంటే మూల చెక్కుచెదరలేదు. జాకెట్ తీసి వెనక అట్టను దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాను. కింది భాగాన, వెన్నుకు దగ్గరగా, గోటితో నొక్కినట్టు చిన్న గుంట. సిరా లేదు, రంగు లేదు, ఉత్త నొక్కుడు. క్లబ్ సభ్యుల కోసం చవగ్గా వేసిన ప్రతి అన్నమాట. అమ్మినాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

జాకెట్ల సంగతి కూడా ఇక్కడే తెలిసింది. 1925లో వచ్చిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవల మొదటి ముద్రణ జాకెట్ లేకుండా వేల డాలర్లకు పోతే, మంచి జాకెట్‌తో లక్ష దాటుతుంది. చదివేవాడికి ఆ కాగితంతో పనే లేదు!

ధరల దగ్గరే కార్యక్రమం తడబడుతుంది. 1640లో అచ్చయిన క్రైస్తవ కీర్తనల పుస్తకం ‘బే సామ్ బుక్’ ప్రతులు 11 మాత్రమే మిగిలాయి. వాటిలో ఒకటి 2013లో న్యూయార్క్ వేలంలో సుమారు 1.42 కోట్ల డాలర్లకు పోయింది. ఈ అంకె ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పాట ఆగింది 1.25 కోట్ల దగ్గర, మిగతాది కొన్నవారి మీద వేలం సంస్థ వేసిన కమిషన్ అన్న ముక్క మాత్రం ఒక్కసారే విన్నాను, అదీ ఒక శ్రోత గుచ్చి అడిగితే. వచ్చే అతిథులంతా అమ్మేవాళ్లే కదా, మార్కెట్ ఎప్పుడూ బాగానే ఉంటుంది! ఆన్‌లైన్ జాబితాలు వచ్చాక, దొరకదనుకున్న పుస్తకం డజన్ల కొద్దీ ఉందని తేలి మధ్యరకం వాటి ధరలు పడ్డాయన్నది నమిలి నమిలి చెబుతారు.

శ్రోతల ఫోన్లు నేనైతే వదిలేస్తాను. ‘మా ఇంట్లో నూరేళ్ల నాటి పుస్తకం ఉంది, ఎంతొస్తుంది?’ అని ప్రతివారం ఒకరు. పాతదైతే సరిపోదు, కావాలనేవాళ్లు కూడా ఉండాలి అని ప్రతివారం అదే జవాబు.

కొత్తగా వినేవాళ్లు ముద్రణలను గుర్తుపట్టడం మీద చేసిన ఎపిసోడ్లతో మొదలుపెట్టండి, చేతిలో ఒక పుస్తకం తెరిచి పెట్టుకుని. కాపీరైట్ పేజీలో ఉండే అంకెల వరసలో అన్నిటికన్నా చిన్న అంకె ఎంతో, మామూలుగా అది అన్నో ముద్రణ. రాండమ్ హౌస్ మాత్రం ఏళ్ల తరబడి మొదటి ముద్రణలోనే వరసలో 1 వేయకుండా, 2 ఉంచి ‘ఫస్ట్ ఎడిషన్’ అని వేసేది. అది వినేలోపు అలాంటివి రెండు, రెండో ముద్రణలనుకుని చేజేతులా వదులుకున్నాను.