కోర్ కటింగ్ మెషిన్ కొనబోతున్నారా? బాక్స్ మీది ‘సేఫ్టీ క్లచ్’ని నమ్మకండి

గోడలకీ, స్లాబులకీ గుండ్రటి హోల్స్ కోసే కోర్ కటింగ్ మెషిన్ ఒకటి కొన్నాం. బాక్స్ మీద ‘సేఫ్టీ క్లచ్’ (మెషిన్ జామ్ అయితే జారిపోయి చేతికి దెబ్బ తగలకుండా చూసేది) అని పెద్ద ఎర్ర అక్షరాల్లో ఉంది. మెషిన్ విప్పి చూస్తే లోపల క్లచ్చే లేదు. వైరు మధ్యలో, కరెంటు లీకైతే ట్రిప్ అవ్వాల్సిన డబ్బా ఉంది. దాని లోపల ట్రిప్ అయ్యే ఏర్పాటే లేదు. మొదటి మోసానికి మా తమ్ముడి కుడి మణికట్టు ఎముక చిట్లింది. రెండోదానికి ప్రాణం పోకపోవడం మా అదృష్టం. ప్లంబింగ్, ఏసీ ఫిట్టింగ్, చిమ్నీ పనులు చేసుకునే మనలాంటి వాళ్లకే ఈ మెషిన్లు ఎక్కువగా అంటగడుతున్నారు. అందుకే కాస్త పొడుగైనా అంతా వివరంగా రాస్తున్నాను.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నాం. షాపు పేరు, మెషిన్ పేరు ఇక్కడ పెట్టడం లేదు. కంప్లైంట్ నడుస్తోంది, అదొక కారణం. ఇంకొకటి, అదే బాడీ, అదే గేర్ బాక్స్ వేరే రంగులో, వేరే స్టిక్కర్‌తో పక్క షాపుల్లోనూ కనిపించింది. నేను ఒక పేరు చెబితే, దాన్ని తప్పించుకున్నామనుకుని ఇంకో పేరుతో అదే మెషిన్ కొనుక్కుంటారు.

పని ఒక అపార్ట్‌మెంట్ కిచెన్‌లో. గోడకి 4 అంగుళాల హోల్. ఈ మెషిన్ చేత్తో పట్టుకుని కూడా వాడొచ్చు, జామ్ అయితే క్లచ్ వదిలేస్తుంది అని షాపులో చెప్పి అమ్మారు, బాక్స్ మీద బొమ్మ కూడా అలాగే ఉంది. ఇటుక దాటాక బిట్టు (అంచున డైమండ్ ముక్కలున్న, కోసే గొట్టం) లింటెల్ (తలుపు, కిటికీల పైన ఉండే కాంక్రీట్ దిమ్మె) అంచుకి తగిలింది. లోపల రాడ్డు. బిట్టు టక్కున పట్టేసింది, మోటారు మాత్రం ఆగలేదు. అలాంటప్పుడు తిరగలేకపోయిన బిట్టు బదులు మెషిన్ బాడీ తిరుగుతుంది. సైడ్ హ్యాండిల్ మా తమ్ముడి చేతిని మెలిపెట్టి గోడకేసి కొట్టింది. నేల మీద నిలబడి ఉన్నాడు కాబట్టి సరిపోయింది, నిచ్చెన మీద ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం. మణికట్టుకి సిమెంటు కట్టు వేశారు. రోజు కూలీ మీద బతికే ఇంట్లో కుడి చెయ్యి నెలకు పైగా పనికి రాకపోతే ఆ ఇబ్బంది మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

క్లచ్ చేసే పని సరిగ్గా ఇక్కడే. బిట్టు రాడ్డుకి పట్టేసినప్పుడు గేర్ల మధ్య ఉన్న క్లచ్ జారిపోయి మోటారు ఒక్కటే తిరుగుతుంది, ఆ దెబ్బ చేతి దాకా రాదు. కొన్ని మెషిన్లలో ఓవర్‌లోడ్ కటాఫ్ ఉంటుంది, దాన్ని చూపించి ఇదే క్లచ్ అంటారు. అది ముఖ్యంగా మోటారు కాలిపోకుండా చూసేది. మనిషి చేతిని కాపాడేది గేర్ బాక్స్‌లో ఉండే క్లచ్.

షాపుకి తీసుకెళ్తే ముందు “గట్టిగా పట్టుకోవాలన్నా” అన్నారు. మోటారు వాసన వస్తోందని చెబితే “నీళ్లు లోపలికి పోయినయ్, ఇది వారంటీల రాదు” అన్నారు. కోర్ కటింగ్ మెషిన్ నీళ్లతో నడిచేదే. నీళ్లు పోశారు కాబట్టి వారంటీ లేదు అనే మాట ఎవరు ఒప్పుకుంటారు?

మెషిన్‌ని మాకు తెలిసిన వైండింగ్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన గేర్ బాక్స్ అలెన్ బోల్టులు నాలుగూ ఊడదీసి మూత ఎత్తగానే నాకు విషయం అర్థమైంది. గ్రీజు పాలెక్కువైన టీ రంగులో ఉంది. నీళ్లు కలిసిపోయాయి. గేరు నేరుగా షాఫ్టుకి కీ వేసి బిగించి ఉంది. ప్లేట్లు లేవు, స్ప్రింగులు లేవు, క్లచ్ పెట్టడానికి చోటు కూడా లేదు. తర్వాత ఆయన బయట మెషిన్ మెడ దగ్గర సూదితో గీకి చూపించాడు. నీళ్ల గొట్టం తగిలించే చోటికీ గేర్ బాక్స్‌కీ మధ్య ఒక సన్నని రంధ్రం ఉంటుంది. లోపల సీలు అరిగితే నీళ్లు ఆ రంధ్రంలోంచి బొట్లు బొట్లుగా బయటికి కారిపోవాలి, సీలు మార్చాలని మనకు తెలియాలి. ఈ మెషిన్‌లో ఫ్యాక్టరీలోనే రంగు కొట్టి ఆ రంధ్రం మూసేశారు. బయటికి దారి లేని నీళ్లు గేర్ బాక్స్‌లోకి, అక్కడి నుంచి మోటారు వైపు వెళ్లాయి.

అప్పుడు వైరు మీది డబ్బా విప్పాం. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఇటు వచ్చి అటు నేరుగా వెళ్లిపోయాయి. టెస్ట్ బటన్ వెనక ఏ వైరూ లేదు. అంటే నీళ్లు మోటారులోకి దిగిన మెషిన్‌ని, తడి నేల మీద నిలబడి, ఏ రక్షణా లేకుండా మేము పట్టుకుని పనిచేశాం.

కొనేవాళ్లు కౌంటర్ దగ్గరే చూడాల్సినవి చెబుతాను. ముందుగా వైరు మీది డబ్బాకి ఉండే టెస్ట్ బటన్. మెషిన్ ప్లగ్ పెట్టించండి, రీసెట్ నొక్కండి, మెషిన్ ఆన్ చేయించి టెస్ట్ నొక్కండి. వెంటనే కరెంటు పోవాలి. పోలేదా, బయటికి వచ్చేయండి. ఎర్తింగ్ లేదు కాబట్టి ఇక్కడ పనిచేయదు అని చెబుతారు. అది అబద్ధం. ఆ టెస్టుకి ఎర్తింగ్ అవసరం లేదు, ఫేజ్, న్యూట్రల్ ఉంటే చాలు. మంచి మెషిన్లకి ఉండే ఈ డబ్బాలు 10 లేదా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అవుతాయి. రోజూ పని మొదలుపెట్టే ముందు కూడా ఆ బటన్ నొక్కి చూడాల్సిందే. ఇప్పటికే మెషిన్ ఉండి డబ్బా పనిచేయనివాళ్లు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే స్విచ్) పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎలక్ట్రీషియన్‌తో చేయించుకుని దాని మీదే నడపండి. కస్టమర్ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటుందిలే అని వెళ్లకండి. చాలా సైట్లలో టెంపరరీ బోర్డే ఉంటుంది.

క్లచ్‌ని చేత్తో తిప్పి కనిపెట్టలేం. దానికి వేరే దారి ఉంది. మెషిన్ విడిభాగాల బొమ్మ అడగండి, అందులో క్లచ్‌కి పార్ట్ నంబర్ ఉండాలి. “ఆ క్లచ్ స్పేర్ ఒకటి ఇవ్వండి, ఎంత?” అనండి. నిజంగా ఉన్న మెషిన్‌కి ధర చెబుతారు, లేనివాళ్లు మాట మారుస్తారు. బిల్లు మీద ‘మెకానికల్ క్లచ్ ఉంది’ అని రాయించుకోండి.

ప్లేటు మీద వాట్లు, వైరు మందం కలిపి చూడండి. మా దాని మీద 2,880 వాట్లు అని ఉంది. 230 వోల్టులకి లెక్క కడితే పన్నెండున్నర ఆంపియర్లు. దానికి ఇచ్చిందేమో ఒక స్క్వేర్ ఎంఎం వైరు, 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు. ఆ వాట్లు నిజమైతే ఆ వైరు, ప్లగ్గు దానికి చాలవు, అవి చాలుతున్నాయంటే ఆ వాట్లు నిజం కాదు. అంత లోడు లాగే మెషిన్‌కి 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 స్క్వేర్ ఎంఎం ఎక్స్‌టెన్షన్ ఉండాలి.

ఇక స్పీడు. దీని గురించి షాపుల్లో ఎవరూ మాట్లాడరు, కానీ జామ్‌లూ, బిట్ల ఖర్చూ చాలావరకు ఇక్కడే ఉన్నాయి. ఐరన్ ఉన్న కాంక్రీట్‌లో తడి కటింగ్‌కి బిట్టు అంచు సెకనుకి సుమారు 2 నుంచి 4 మీటర్ల వేగంతో తిరగాలి. 4 అంగుళాల బిట్టుకి అది సుమారు 400 నుంచి 750 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). 6 అంగుళాలకి 250 నుంచి 500. మా మెషిన్‌కి ఒకటే గేరు, 1,700 ఆర్‌పీఎం. బాక్స్ మీద మాత్రం ‘160 ఎంఎం వరకు’. ఆ వేగంలో 160 ఎంఎం బిట్టు అంచు సెకనుకి 14 మీటర్లు పోతుంది. అంత వేగంలో డైమండ్ కోయదు, రాసుకుంటూ వేడెక్కి నున్నగా అయిపోతుంది. బిట్టు పోయిందనుకుని మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, అక్కడ జామ్ అవుతుంది. అందుకని పెద్ద హోల్స్ కొట్టేవాళ్లు రెండు మూడు గేర్లున్న మెషినే తీసుకోండి. ఒకటే గేరున్న ఈ రకం రెండు అంగుళాలు దాటి పనికి రాదు. నున్నబడిన బిట్టుని పారేయకండి, ఇసుక రాయి మీదో, సాన రాయి మీదో నీళ్లు పోసి కొంచెం కోస్తే కొత్త డైమండ్ బయటపడుతుంది.

రాడ్డు తగిలిన సంగతి ముందే తెలుసుకోవచ్చు. కాంక్రీట్ కోస్తున్నంతసేపూ బూడిద రంగు చిక్కటి నీళ్లు వస్తాయి. రాడ్డు మొదలవగానే నీళ్లు తేటగా మారి సన్నటి ఇనుప రజను కనిపిస్తుంది. ఆ నీళ్లు చూడగానే ఒత్తిడి తగ్గించండి, నీళ్లు ఆపకండి, గేర్లుంటే కింది గేరులో పెట్టండి. జామ్ అయితే స్విచ్ ఆన్, ఆఫ్ చేస్తూ విడిపించే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానేయండి. ప్లగ్ తీసేసి, స్పానర్‌తో బిట్టుని అటూ ఇటూ తిప్పి వదులు చేయాలి. చేత్తో పట్టుకున్నప్పుడు, వేలు తీసినా మెషిన్‌ని ఆన్‌లోనే ఉంచే స్విచ్ లాక్ బటన్ ముట్టుకోకూడదు.

చేత్తో చిన్న హోల్స్ వరకే. స్లాబుకైనా, బీముకైనా, 4 అంగుళాలు అంతకంటే పెద్దదేదైనా స్టాండ్ మీదే. స్టాండ్‌ని 12 ఎంఎం యాంకర్ బోల్టుతో కాంక్రీట్‌లోకి బిగించాలి. ప్లాస్టరింగ్‌లోకో, టైల్ మీదో బిగిస్తే జామ్ అయిన క్షణంలో ఊడి వస్తుంది. మనిషిని స్టాండ్ మీద నిలబెట్టి బరువు పెట్టడం సైట్లలో చూస్తున్నాను, అది బిగింపు కాదు. స్లాబు కోసేటప్పుడు కింద ఎవరూ లేకుండా చూసుకోండి. 6 అంగుళాల మందం స్లాబులో 6 అంగుళాల కోర్ (కోసాక ఊడి పడే గుండ్రటి ముక్క) ఆరున్నర కిలోలు ఉంటుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో పోస్ట్ టెన్షన్ స్లాబులు వస్తున్నాయి. అందులో బిగదీసి ఉంచిన కేబుల్ తెగితే మనిషికీ, బిల్డింగుకీ కూడా ప్రమాదం. స్ట్రక్చరల్ ఇంజనీర్ మార్కింగ్ ఇవ్వకుండా ఆ స్లాబు ముట్టుకోకండి, ఎంత డబ్బులిస్తామన్నా సరే.

డ్రై కటింగ్ చేసేవాళ్లు దుమ్ము లాగే వాక్యూమ్, ఎన్95 మాస్కు లేకుండా చేయకండి. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే సిలికోసిస్‌ని నయం చేసే మందు లేదు. ముఖానికి కర్చీఫ్ కట్టుకుంటే ఆగేది కాదు అది.

మెయింటెనెన్స్ పెద్ద పనేమీ కాదు, పూట పనిలో ఐదు నిమిషాలు. పని అయ్యాక మోటారు మీద నీళ్లు పడకుండా స్పిండిల్, బిట్టు బిగించే మరల భాగం తుడిచి కాస్త గ్రీజు రాయండి, లేకపోతే మర్నాడు బిట్టు ఊడదు. మెడ దగ్గర రంధ్రం పుల్లతో శుభ్రం చేయండి. అక్కడ నీళ్లు కారుతుంటే పని ఆపి ముందు సీళ్లు మార్పించండి, అవి ఖరీదైనవి కావు. మోటారు కార్బన్లు (తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే నల్ల దిమ్మెలు) అరిగి 5, 6 ఎంఎంకి వచ్చాయంటే రెండూ కలిపి మార్చాలి. కార్బన్ల దగ్గర అప్పుడప్పుడూ చిన్న మిణుకులు మామూలే, ఆర్మేచర్ చుట్టూ మంట గుండ్రంగా తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి.

మా డబ్బు సంగతి. షాపులో ‘ఎస్టిమేట్’ చీటీ ఇవ్వబోతే జీఎస్టీ బిల్లే కావాలని తీసుకున్నాం, మెషిన్ సీరియల్ నంబరుతో సహా. వాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫొటో, బాక్స్, విప్పిన గేర్ బాక్స్ ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు అన్నీ దాచాం. 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించాం. మీరు వ్యాపారానికి కొన్నారు, మీకు కన్జ్యూమర్ కేసు వర్తించదు అని షాపువాళ్లు బెదిరించారు. ఎవరైనా మిమ్మల్ని ఇలా బెదిరిస్తే విని వెనక్కి తగ్గకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(7) కింద వివరణ చదవండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొనుక్కుని తామే వాడుకునేవాళ్లు వినియోగదారులే. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, వస్తువుకి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

మా బాక్స్ మీద దిగుమతి చేసినవాళ్ల పేరూ, చిరునామా ఎక్కడా లేవు. ప్యాకింగ్ మీద అవి ఉండి తీరాలి. తయారుచేసింది ఎవరో తెలియనప్పుడు, వస్తువు లోపంతో జరిగిన గాయానికి అమ్మినవాళ్లే బాధ్యులని అదే చట్టం సెక్షన్ 86 చెబుతోంది. మెషిన్ డబ్బులతో పాటు తమ్ముడి వైద్యం ఖర్చు, పోయిన కూలీ కూడా కలిపి అడిగాం. కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఇలాంటి మెషిన్ కొని, క్లచ్ లేదని తేలినవాళ్లు ఉంటే బిల్లు, గేర్ బాక్స్ ఫొటో తీసి పెట్టుకోండి, మెషిన్‌ని మాత్రం ‘చూసి ఇస్తాం’ అన్నా రాతపూర్వక రసీదు లేకుండా షాపుకి అప్పగించకండి.