కంపెనీ ఇంకు పోయాలా, బయటి ఇంకు పోయాలా? రెండు ప్రింటర్లు, పన్నెండేళ్ల లెక్క

మా ఇంట్లో ప్రింటర్ మిక్సీ లాంటిది. ఆగిందంటే ఆ రోజు పని సాగదు. మా ఆవిడ ఖమ్మంలో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెబుతుంది, ఆరు నుంచి పదో తరగతి దాకా. వారానికి రెండు స్లిప్ టెస్టులు. వాటికి తోడు మా పిల్లల ప్రాజెక్టులు, ఆధార్ కాపీలు, పక్కింటివాళ్ల హాల్ టికెట్లు. ఎంత లేదన్నా నెలకు 200 పేజీలు పడతాయి. ప్రింటర్ కంపెనీ అమ్మే ఇంకు, వేరేవాళ్లు చేసి అమ్మే బయటి ఇంకు రెండూ ఏళ్ల తరబడి వాడాను, రెండింటి చేతిలోనూ దెబ్బలు తిన్నాను. నా ప్రింటర్లు ఏ కంపెనీవో మాత్రం చెప్పను. తప్పు కొంత వాళ్లది, కొంత నాది.

మొదటిది 2013లో కొన్నది, కార్ట్రిడ్జ్ ప్రింటర్, అంటే ఇంకు నింపిన చిన్న డబ్బా బిగించేది. 2,400 రూపాయలకే వస్తోందని సంబరపడి తెచ్చాను. నల్ల కార్ట్రిడ్జ్ అయిపోయాక కొత్తది అడిగితే 650 అన్నారు. దాంతో వచ్చేవి వంద పేజీలు, మహా అయితే ఇంకో పది. అంటే పేజీకి ఆరు రూపాయలు. మా వీధి చివర జిరాక్స్ షాపులో అప్పట్లో పేజీ రూపాయే. ఇంట్లో మిషన్ పెట్టుకుని కూడా మా ఆవిడ పేపర్ల కట్ట పట్టుకుని జిరాక్స్ షాపుకు పోయేది.

అప్పుడు మొదలైంది సిరంజి కాపురం. కార్ట్రిడ్జ్ మీద స్టిక్కర్ పీకితే కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపల స్పాంజి. సూది నిదానంగా దించి, బుడగలు రాకుండా నాలుగైదు ఎంఎల్ ఎక్కించాలి. తొందరపడితే పైకి పొంగుతుంది. ఎడమ చేతి వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఆఫీసులో ‘ఏ ఎలక్షన్ సార్ ఇది?’ అని అడిగేవాళ్లు. ఒక్కో కార్ట్రిడ్జ్‌ను అలా మూడు నాలుగు సార్లు నింపేవాణ్ని, తర్వాత గీతలు రావడం మొదలయ్యేది. అయినా బాధ లేదు. ఆ రకం ప్రింటర్లలో ఇంకు చిమ్మే హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. పాడైతే కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ కూడా మారినట్టే. పోయేది ఎలాగూ పారేసే వస్తువే కదా. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఇలాంటి ప్రింటర్ ఉంటే, వారంటీ దాటాక బయటి ఇంకు పోయించుకోండి అనే చెబుతాను. రెండో ఆలోచన అక్కర్లేదు.

కంపెనీలు ఊరుకుంటాయా అంటే, ఊరుకోవు. కార్ట్రిడ్జ్‌లో చిప్ పెట్టి, అప్‌డేట్ పంపి బయటివాటిని తిప్పికొట్టేవి ఉన్నాయి. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని ఉన్నట్టుండి బయటి కార్ట్రిడ్జ్‌లు వద్దని మొరాయిస్తే జనం పెద్ద గొడవ చేశారు. ఆ మరుసటి ఏడే అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ కేసులో, ఒకసారి అమ్మేశాక ఆ కార్ట్రిడ్జ్ మీద కంపెనీకి పేటెంట్ హక్కు మిగలదని తేల్చింది. కోర్టు సంగతి కోర్టుది, చిప్పు సంగతి చిప్పుది. చిప్ ఉన్న మోడల్ అయితే కొనేముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

2019లో ట్యాంక్ ప్రింటర్ తీసుకున్నాం, సీసాలతో ఇంకు పోసుకునే రకం. ఈ ట్యాంకు ఆలోచన కూడా ఒక రకంగా జనం దగ్గర నుంచి వచ్చిందే. మామూలు ప్రింటర్లకు పక్కన సీసాలు పెట్టి, పైపులు లాగి రిపేరు షాపులవాళ్లు నడిపించేవాళ్లు గుర్తుందా? అవే ట్యాంకులను ఎప్సన్ కంపెనీయే బిగించి 2010లో ముందుగా ఇండోనేషియాలో అమ్మింది. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారికొచ్చాయి.

రెండేళ్లు కంపెనీ ఇంకే పోశాను. 2021 ఎండాకాలంలో, కరోనా రెండోసారి ముంచుకొచ్చినప్పుడు, నల్ల సీసా ఎక్కడా దొరకలేదు. ఆన్‌లైన్ క్లాసుల పిల్లలకు వర్క్‌షీట్లు పంపాలి. ఒక షాపులో ‘అన్ని మోడళ్లకూ పనికొస్తుంది’ అని రాసి ఉన్న సీసాల సెట్టు ఇచ్చారు, నాలుగు రంగులూ. ట్యాంకులో అడుగున ఉన్న పాత ఇంకు మీదే పోసేశాను. ప్రింటు నల్లగా, బ్రహ్మాండంగా వచ్చింది. ఇన్నాళ్లు కంపెనీకి అనవసరంగా పోశామే అనుకున్నాను.

మొదటి తేడా వానాకాలంలో కనిపించింది. తడిసిన గొడుగు పట్టుకుని వచ్చిన పిల్లాడు ప్రశ్నపత్రం మీద రెండు చుక్కలు రాల్చాడు. ‘కింది వానిని జతపరచుము’ అన్న వాక్యం సగం దాకా ఊదారంగు మరకయిపోయింది. అంతకుముందు పేపర్ మీద నీళ్ల సీసా ఒలికినా అక్షరం చెక్కుచెదిరేది కాదు. అప్పటికీ నాకు వెలగలేదు.

ఎనిమిది తొమ్మిది నెలలకు నలుపు తప్పడం మొదలైంది. హెడ్‌లో ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు (నాజిళ్లు) తెరిచి ఉన్నాయో లేదో చూపే నాజిల్ చెక్ కొడితే మెట్లు మెట్లుగా రావాల్సిన గీతల్లో నల్ల గడి పళ్లూడిన దువ్వెనలా వచ్చింది. హెడ్ క్లీనింగ్ కొట్టాను. కొంచెం నయం. మళ్లీ కొట్టాను. ఒక్క సాయంత్రంలో ఆరుసార్లు. తర్వాత చూస్తే రంగు ట్యాంకుల్లో మట్టం కంటికి కనిపించేంత దిగింది. క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ హెడ్‌లోంచి ఇంకు లాగి మిషన్ అడుగున ఉండే వేస్ట్ ప్యాడ్‌లోకి పోస్తుంది. ఆ ప్యాడ్‌కూ ఒక లెక్క ఉంటుంది. లెక్క నిండిందంటే ప్రింటరే పని ఆపేస్తుంది. మొండిగా క్లీనింగులు కొట్టే నాలాంటివాళ్లకు ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

సర్వీస్ సెంటర్లో, బయటి ఇంకు వల్ల వచ్చిన రిపేరు మా పూచీ కాదన్నారు. మా ఊళ్లోనే ఇంకో మెకానిక్ హెడ్ ఊడదీసి చూసి ఒక్క మాట అన్నాడు: ‘పసుపు నీళ్లలో పానకం పోశారు సార్.’

అతను చెప్పాకే నాకు అర్థమైంది. ఇంకుల్లో రెండు జాతులు. డై ఇంకులో రంగు పానకంలో బెల్లంలా పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. పిగ్మెంట్ ఇంకులో అతి మెత్తని పొడి పసుపు నీళ్లలోలాగ తేలుతుంటుంది. అది కాగితం మీద పైనే నిలుస్తుంది కాబట్టి నీళ్లకు చెదరదు. నా ప్రింటర్‌లో నలుపు పిగ్మెంట్, మిగతా మూడూ డై. నేను పోసిన నలుపు డై. రెండూ కలిస్తే పొడి ముద్దకట్టి, వెంట్రుక కంటే సన్నటి నాజిళ్లలో కూర్చుంటుంది. పైగా నా హెడ్ వేడితో ఇంకును బుడగగా ఉబ్బించి చిమ్మే రకం. ఇంకు అందకుండా ఆ వేడి పనిచేస్తే లోపల కాలిపోతుంది. నా అదృష్టం, అంతదాకా రాలేదు. రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, ట్యాంకు కడిగి, 1,400 తీసుకున్నాడు.

ఇప్పుడు లెక్క చూడండి. కంపెనీ నల్ల సీసా 600. సీసా మీద 6,000 పేజీలని ఉంటుంది, నాకు 4,000 వచ్చాయి. పేజీకి 15 పైసలు. అంతే ఇంకు బయట 240. పేజీకి 6 పైసలు. అంటే ఇరవై నెలల్లో ఒక సీసా అయ్యేసరికి మిగిలేది 360 రూపాయలు. రిపేరుకు పెట్టినదాంట్లో నాలుగో వంతు! అసలు కాగితం ఖరీదే షీటుకు అర్ధరూపాయి దాటుతోంది. కార్ట్రిడ్జ్ రోజుల్లో పేజీకి ఐదు రూపాయలు మిగిలేవి కాబట్టి సిరంజి పట్టుకున్నాను. తొమ్మిది పైసల కోసం పట్టుకోను.

బయటి ఇంకులన్నీ చెత్త అని నేననను. ఆ సెట్టులోని మూడు రంగులూ, డై మీద డై కాబట్టి, ఒక్క నాజిల్‌నూ మూయలేదు. పిల్లల మ్యాపులకు, సైన్స్ బొమ్మలకు చక్కగా సరిపోయాయి. వాడాలనుకుంటే మీ మోడల్ నంబరు, డై యా పిగ్మెంటా అన్నది సీసా మీద రాసి ఉన్నవే తీసుకోండి. ‘అన్నిటికీ పనికొస్తుంది’ అన్న సీసా జోలికి పోకండి. వారానికోసారి నాలుగు రంగులున్న పేజీ ఒకటి కొట్టండి. కంపెనీ ఇంకైనా సరే, వేసవి సెలవుల్లో నెల రోజులు ముట్టుకోకపోతే ఎండుతుంది. ఇక అన్నిటికంటే ప్రమాదం బయటి ఇంకు కాదు, కంపెనీ లేబుల్ అంటించిన డూప్లికేట్. కంపెనీ ధర పోసి ఏదో తెలియని నీళ్లు కొన్నట్టు. సీల్ సరిగా లేకపోతే, ధర మరీ తక్కువైతే నేను వెనక్కిచ్చేస్తాను.

ఫొటోల విషయంలో మాత్రం రాజీ పడను. అదే సెట్టు రంగులతో గ్లాసీ పేపర్ మీద మా తాతయ్య ఫొటో ప్రింటు తీసి ఫ్రేము కట్టించి, కిటికీ ఎదురు గోడకు పెట్టాను. ఏడాది తిరిగేసరికి ఎరుపు ఎగిరిపోయింది. ‘ఏందిరా, మీ తాత మొహానికి పసరు పూసినట్టుంది’ అంది నాయనమ్మ. కంపెనీ ఇంకుతో మళ్లీ తీసి, కిటికీకి దూరంగా వేరే గోడకు మార్చాను. అది మూడేళ్లయినా బాగానే ఉంది. గోడ మార్చినందుకు ఎంత, ఇంకు మార్చినందుకు ఎంత అంటే విడదీసి చెప్పలేను.

మిగిలిపోయిన మెజెంటా సీసాను మావాడు ఆ ఏడు హోలీకి పట్టుకుపోయి అరుగు మీద ఒలకబోశాడు. ఫొటోలో ఏడాది నిలవని ఆ రంగు, సర్ఫ్‌తో ఎన్నిసార్లు తోమినా అరుగు మీద నుంచి మాత్రం ఇంకా పోలేదు.