గంజాం ఒడ్డుకి ఏ ఫ్లై రాడ్ మేలు: 8, 9, 10, లేక రెండు చేతులదా?

ఒడిశా గంజాం జిల్లాలోని గోపాలపురం నుంచి సోనాపూర్ దాకా, అక్కణ్ణుంచి బాహుదా నది దాటి డొంకూరు దాకా ఉన్న ఒడ్డు మీద ఫ్లై రాడ్ (ఈకలు, వెంట్రుకలతో కట్టిన తేలిక ఎరని విసిరే గాలపు కర్ర) పట్టుకుని నిలబడాలనుకునేవాళ్ళు ముందు ధర అడుగుతారు, తర్వాత నంబరు అడుగుతారు. గాలి సంగతి ఎవరూ అడగరు. తక్కువ ధరలో పనికొచ్చే రాడ్ దొరకడం ఇవాళ పెద్ద కష్టమేమీ కాదు. ఈ ఒడ్డుకి సరిపడే నంబరు ఎంచుకోవడమే అసలు పని, ఆ పని చాలావరకు గాలే తేల్చేస్తుంది.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే ముఖం ఆగ్నేయానికి ఉంటుంది, కుడి భుజం నైరుతికి ఉంటుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో గాలి ఉత్తరం పక్క నుంచి పలచగా వస్తుంది, ఇబ్బంది ఉండదు. ఎండలు ముదిరాక పొద్దెక్కేసరికి గాలి దక్షిణానికి, నైరుతికి తిరిగి బలం పుంజుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్ళకి అది సరిగ్గా విసిరే భుజం మీదికే వస్తుంది. లైన్‌నీ దాని కొసనున్న కొక్కేన్నీ తల వైపుకి నెడుతుంది. కంటికి అద్దాలు, తలకి టోపీ లేకుండా ఆ గాలిలో విసరకూడదు. ఎడమచేతి వాటం వాళ్ళకి మాత్రం అదే గాలి లైన్‌ని ఒంటికి దూరంగా తీసుకుపోతుంది. అలాంటివాళ్ళు కింద నేను చెప్పే నంబరులో ఒకటి తగ్గించుకోవచ్చు.

నంబరు అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. మామూలు గాలపు రాడ్‌లో సీసం గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి ఆపాటి బరువు ఉండదు, కొక్కేనికి కట్టిన వెంట్రుకలు, ఈకలు, కాస్త తళుకు దారం, అంతే. విసురుకి కావలసిన బరువంతా లైన్‌లో ఉంటుంది. రాడ్ మీద రాసే అంకె ఆ లైన్ బరువునే చెబుతుంది. తయారీదారులంతా ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం లైన్ మొదటి 30 అడుగుల బరువు 8కి 210 గ్రెయిన్లు, అంటే 13.6 గ్రాములు. 9కి 240 గ్రెయిన్లు, 15.5 గ్రాములు. 10కి 280 గ్రెయిన్లు, 18.1 గ్రాములు. వినడానికి రెండు మూడు గ్రాముల తేడాయే. ఎదురుగాలిలో, తడిసిన ఫ్లైతో విసిరినప్పుడు ఆ రెండు గ్రాములూ ఏమిటో తెలుస్తాయి.

మనం కోరేది పండుగప్ప, మాగ, పార. నెత్తళ్ళు, కవళ్ళు ఒడ్డుకి చేరినప్పుడు వాటి వెంట ఇవి వస్తాయి. అల విరిగి వెనక్కి లాగే చోట ఇసుకలో కాలవలా లోతు పడుతుంది, చేప ఆ లోతులో తిరుగుతుంది. మన ఒడ్డు నిటారుగా దిగుతుంది కాబట్టి చాలాచోట్ల ఆ లోతు పదిహేను, ఇరవై మీటర్లలోనే ఉంటుంది. ఎక్కడుందో తెలియకపోతే ఆర్యపల్లి, గోపాలపురం నోలియా (తెలుగు మత్స్యకారుల) పల్లెల్లో అలివి వల లాగే మనవాళ్ళని అడగండి. నీటి రంగు చూసి చెయ్యి చాపి చూపిస్తారు, ఆ చూపు ఏ పుస్తకంలోనూ దొరకదు. కాబట్టి వంద అడుగులు విసరగల రాడ్ కోసం డబ్బు పొయ్యనక్కర్లేదు. అరవై అడుగులు గాలిలో నికరంగా వెళ్తే చాలు.

ఇంటికి చేప తెచ్చుకోవడమే ముఖ్యమైతే, నిజం చెప్పాలి, పన్నెండు అడుగుల మామూలు సర్ఫ్ రాడ్, స్పిన్నింగ్ రీల్ కొనుక్కోవడం మేలు. ఖర్చు తక్కువ, దూరం ఎక్కువ, నేర్చుకోవడం సులువు. ఫ్లై రాడ్ గెలిచే సందర్భం ఒకటుంది. చేప వేలెడు నెత్తళ్ళ మీద పడి తింటున్నప్పుడు పెద్ద లూర్‌ని (చేపలా చేసిన కృత్రిమ ఎరని) చాలాసార్లు పట్టించుకోదు. అంత చిన్న, అంత తేలికైన ఎరని అలల్లో బతికున్న చేపపిల్లలా నడిపించడం ఫ్లై లైన్‌తోనే బాగా కుదురుతుంది. ఆ ఇష్టం ఉన్నవాళ్ళ కోసమే ఈ లెక్కంతా.

8 నంబరు రాడ్‌తో మొదలుపెడదాం, తక్కువ ధరలో ఎక్కువ రకాలు దొరికేది అదే. తొమ్మిదడుగుల పొడవు, నాలుగు ముక్కలు, చేతికి తేలిక. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా విసిరినా భుజం పట్టెయ్యదు. చలికాలం ఉదయాలకీ, బాహుదా మొగలో అల తగ్గిన నీళ్ళకీ ఇది చక్కగా సరిపోతుంది. ఇబ్బంది బరువైన ఫ్లైతో వస్తుంది. అలల్లో బాగా పనిచేసే క్లౌజర్ మినో ఫ్లైకి డంబెల్ ఆకారంలో లోహపు కళ్ళు కడతారు. పక్కగాలిలో 8 లైన్ దాన్ని ఎత్తుగా మోయలేక కిందికి జారనిస్తే, ఆ లోహపు కన్ను రాడ్ కొసకి టక్కున తగులుతుంది. పైకి గీత కూడా కనపడదు. గ్రాఫైట్ పోగులు మాత్రం లోపల చిట్లుతాయి. కొన్నాళ్ళ తర్వాత మామూలు చేపని లాగుతుంటే సరిగ్గా అక్కడే విరుగుతుంది, కొన్నవాళ్ళు కంపెనీని తిడతారు.

10 గురించి ఎక్కువ చెప్పను. గాలిని బాగా కోస్తుంది, పెద్ద పారని అలలోంచి తిప్పగలదు. అయితే తక్కువ ధర 10 రాడ్లలో కొస బరువుగా ఉంటుంది, ఖరీదైన వాటిలో ఆ బరువుని తగ్గించడానికే కంపెనీలు డబ్బు పెడతాయి. గంటసేపు విసిరేసరికి మోచెయ్యి లాగుతుంది, అలిసిన చెయ్యి విసురుని పాడుచేస్తుంది. పడవ మీంచి వేటాడేవాళ్ళకి సరే. ఒడ్డున తిరుగుతూ వందలసార్లు విసిరేవాళ్ళకి, అందులోనూ మొదటి రాడ్‌గా, వద్దు.

రెండు చేతులతో విసిరే పదకొండడుగుల రాడ్ ఒకటుంది, స్విచ్ రాడ్ అంటారు. మన ఒడ్డు వాలు తెలిసినవాళ్ళకి దీని మీద మనసు పోవడం సహజం. నీటి అంచున నిలబడితే వెనకాల ఇసుక గట్టు లేచి ఉంటుంది. వెనక్కి విసిరిన లైన్ కాస్త కిందికి దిగిందా, ఫ్లై ఆ గట్టుకి కొట్టుకుని కొక్కెం మొన మొద్దుబారుతుంది. తర్వాత చేప కొడుతుంది, గుచ్చుకోదు. గోరు మీద కొక్కెం మొన ఆనించి చూడండి, జారిపోతుంటే ఆకురాయి పెట్టాల్సిందే. పొడవు రాడ్ లైన్‌ని గట్టు పైనుంచి దాటిస్తుంది, ఎదర అలల మీదకూడా ఎత్తుగా పట్టి ఉంచుతుంది. ఇది పెద్ద లాభమే. కానీ ఖర్చు పెరుగుతుంది. సింగిల్ హ్యాండ్ 8కీ టూ హ్యాండ్ 8కీ బరువు లెక్కలు వేరు, టూ హ్యాండ్ లైన్ చాలా బరువుగా ఉంటుంది, కాబట్టి ఒకదాని లైన్ ఇంకోదానికి పనికిరాదు. దానికి తగిన రీల్, లైన్ మన దేశంలో వెతికి పట్టుకోవడం కష్టం. రెండో రాడ్‌గా కొనుక్కోండి. ఈలోగా గట్టు ఇబ్బందికి ఖర్చులేని ఉపాయం ఉంది: సముద్రానికి నేరుగా నిలబడకుండా ఒడ్డు వెంట ఏటవాలుగా విసరడం. వెనక లైన్ గట్టు మీదికి పోకుండా ఒడ్డు వెంటే చాచుకుంటుంది. పైగా చేప తిరిగే లోతు కూడా ఒడ్డు వెంటే ఉంటుంది.

అందుకే నా మాట 9. తొమ్మిదడుగులు, నాలుగు ముక్కలు, మరీ బిర్రు కాని మీడియం ఫాస్ట్ యాక్షన్ (యాక్షన్ అంటే రాడ్ వంగే తీరు). లోహపు కళ్ళ క్లౌజర్‌ని పక్కగాలిలో తలకి దూరంగా మోస్తుంది, పండుగప్పని అలలోంచి బయటికి తేగలదు, 10లాగా చేతిని చంపదు. దక్షిణపు గాలి మరీ ముదిరితే సముద్రానికి వీపు పెట్టి నిలబడి, వెనక విసురుతోనే ఫ్లైని నీటిలోకి వదలండి. నాలుగు రోజుల సాధనలో చేతికొస్తుంది, 9 రాడ్ ఆ విసురుని బాగా ఓర్చుకుంటుంది.

కంపెనీల విషయం. నేను ఇక్కడ చెప్పేవాటిలో చవకైనది చైనా కంపెనీ మాక్స్‌క్యాచ్. టెంపుల్ ఫోర్క్, రెడింగ్టన్, ఎకో వాళ్ళవి దానికి ఒక మెట్టు పైన. ఆర్విస్ క్లియర్‌వాటర్ అమెరికాలోనే 200 డాలర్ల పైమాట, దానికి 25 ఏళ్ళ గ్యారంటీ ఇస్తారు. ఆ గ్యారంటీ మనకి ఎంత ఉపయోగమో కొనేముందు ఆలోచించాలి. విరిగిన ముక్క సముద్రాలు దాటి వెళ్ళి రావాలి, కొరియరూ కస్టమ్సూ మన నెత్తినే పడతాయి. నేనైతే గ్యారంటీకి డబ్బు ఎక్కువ పెట్టే బదులు అదనపు కొస ముక్కతో వచ్చే రాడ్ చూస్తాను. మూన్‌షైన్ కంపెనీ అలా ఇస్తుంది. మొదటి రాడ్‌కి మాక్స్‌క్యాచ్ 9 కొన్నా తప్పులేదు, మిగిలిన డబ్బు లైన్ మీద పెట్టే షరతు మీద.

ఆ షరతు ఊరికే పెట్టలేదు. రాడ్‌తో పాటు సెట్‌గా వచ్చే చవక లైన్లు చాలావరకు చలిదేశపు నదుల కోసం చేసినవి. మన ఏప్రిల్ ఎండకి అవి మెత్తబడి జిగురు పడతాయి, రింగుల్లోంచి జారవు. వేడికి తట్టుకునే ట్రాపికల్ లైన్ విడిగా కొనాలి. రియో, సైంటిఫిక్ యాంగ్లర్స్, కోర్ట్‌లాండ్ ముగ్గురూ చేస్తారు. ఇందులోనూ తేలే రకం కాకుండా ఇంటర్మీడియట్ తీసుకోండి, అది నెమ్మదిగా మునుగుతుంది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకా నీరూ ఒడ్డు వెంట ఉత్తరానికి సాగుతాయి. నీటి మీద తేలే లైన్‌ని ప్రతి అలా ఎత్తి పడేస్తుంది, ఫ్లై మీ చెప్పుచేతల్లో ఉండదు. కొంచెం మునిగిన లైన్ అల కింద తిన్నగా ఉంటుంది, చేప తాకిడి వేలికి తెలుస్తుంది. మొత్తం ఖర్చు 20,000 అనుకుంటే రాడ్‌కి సగం మించనివ్వకండి.

లాగిన లైన్ కాళ్ళ దగ్గర పడేస్తే అల దాన్ని చుట్ట చేసి తీసుకుపోతుంది. నడుముకి బుట్ట కట్టాలి. కొన్నది అక్కర్లేదు. బరంపురం బజారులో దొరికే పలచని ప్లాస్టిక్ టబ్‌కి అడుగున చిన్న చిల్లులు పొడిచి, వాటిలోంచి నైలాన్ కేబుల్ టైలు కొసలు పైకి నిలిచేలా బిగించి, పాత బెల్టు దూర్చండి. ఆ కొసల మధ్య లైన్ మడతలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా కుదురుగా ఉంటాయి, నీళ్ళు చిల్లుల్లోంచి కారిపోతాయి.

రాడ్ చేతికి రాగానే చూడాల్సినవి రెండు. రింగుల కాళ్ళు కట్టిన దారం మీద వార్నిష్ పూత ఉంటుంది. పూతకి ఖాళీ మిగిలిన చోట ఉప్పునీరు దూరుతుంది, నాలుగు నెలల్లో అక్కడ గోధుమరంగు చార కనిపిస్తుంది. అలాంటి ఖాళీ కనిపిస్తే వెనక్కి పంపెయ్యండి. పెద్ద రింగుల లోపల కాస్త దూది తిప్పి చూడండి, పోగులు తగులుకుంటే లోపల పగులున్నట్టే, అది లైన్‌ని కోసేస్తుంది. వాడాక కడగడానికి ఇంటి నుంచి మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి, ఒడ్డు దగ్గర బావుల నీరు తరచూ ఉప్పగానే ఉంటుంది. ముక్కల కీళ్ళు విడిగా తుడిచి ఆరనివ్వండి. లేకపోతే ఇసుకతో కలిసి బిగుసుకుని, విడదియ్యబోతే రాడ్ చీలుతుంది.

ఎక్కడ నిలబడాలన్నది ఆఖరి మాట. గోలబంధ దగ్గర సైన్యం కాల్పుల సాధన ప్రాంతం ఉంది, అటు వెళ్ళేముందు స్థానికుల్ని అడగండి. ఋషికుల్య మొగ చుట్టూ తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర పడవల వేట నిషేధం. రాడ్‌తో ఒడ్డున నిలబడేవాళ్ళు కూడా అక్కడ అటవీశాఖ వాళ్ళని అడగకుండా దిగవద్దు, గుడ్లు పెట్టే రాత్రుల్లో అసలు వెళ్ళవద్దు. గోపాలపురంలో వెనక్కి లాగే నీటి బలం ఎక్కువ, మోకాలి లోతు దాటకండి. మొదటి రాడ్‌తో చెయ్యి కుదిరేదాకా సోనాపూర్ పక్క బాహుదా మొగ దగ్గర, చలికాలపు ఉదయాల్లో నేర్చుకోవడం నయం.