స్కైరిమ్‌లో తిరుగుడు, విచర్ 3లో కథ

2011లో వచ్చిన స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో మనం ఎవరో మనమే తేల్చుకోవాలి. కత్తి తిప్పితే కత్తి విద్య పెరుగుతుంది, జేబులు కొడితే అదీ పెరుగుతుంది, అసలు కథను గాలికొదిలేసి కనిపించిన గుహలోకల్లా దూరినా అడిగేవాడు లేడు. చిరాకంతా బరువుతోనే. డ్రాగన్‌ని చంపి ఎముకలు మూటగట్టుకున్నామా, ఇక పరుగుండదు, ఏది పారేయాలో తేల్చుకునేలోపు మూడే పోతుంది.

2015 నాటి విచర్ 3 గేమ్‌లో హీరో ఖాయం, రాక్షసుల్ని వేటాడే గెరాల్టే. ఆ స్వేచ్ఛ లేకపోయినా నా ఓటు దీనికే, ఎందుకంటే అందులో వెలెన్ అనే ప్రాంతాన్ని ఏలే బ్లడీ బ్యారన్ కథ ముందు స్కైరిమ్ క్వెస్టులు (మనకిచ్చే పనులు) చప్పగా అనిపిస్తాయి. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినవాడి మీద కూడా జాలి పుట్టేలా రాశారు మరి. కాకపోతే స్కెలిగే దీవుల చుట్టూ సముద్రం నిండా మ్యాప్‌లో ప్రశ్నార్థకం గుర్తులే, పడవేసుకుని ఎటెళ్లినా అవే పెట్టెలు, మీదపడే అవే సైరన్ రాక్షసులు. మధ్యలో గ్వెంట్ పేకాటలో పడ్డామంటే గెరాల్ట్ పెంపుడు కూతురు సిరిని వెతకాలన్న సంగతే గుర్తుండదు!