వర్కలలో పది రోజుల కలరి ప్యాకేజీ: అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

కేరళలోని వర్కలలో సముద్రం ఒడ్డున, కొండ అంచున పది రోజులుండి అక్కడి పాత యుద్ధవిద్య కలరిపయట్టు నేర్చుకోవచ్చు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తాం, మొత్తం 26,500. బెంగళూరులో మనవాళ్ళకి ఈ ప్రకటన బాగా తిరుగుతోంది. నేను వెళ్ళొచ్చాను. కుడి తొడ వెనక కండరం పట్టేసి మూడు వారాలైంది. ఆఫీసులో మెట్లెక్కాలంటే ఇప్పటికీ రెయిలింగ్ పట్టుకోవాల్సిందే. వాళ్ళతో గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. పద్ధతి చెబుతాను, మీరే గుర్తుపడతారు.

నేను మారతహళ్ళిలో పీజీలో ఉంటాను. జిమ్‌కి ఏడాది డబ్బు కట్టి రెండు నెలలు వెళ్ళిన బాపతు. ఇలా వెళ్తున్నానని చెబితే అమ్మ, "మీ తాతయ్య ఊళ్ళో తాలింఖానా ఉండేది, కర్రసాము నేర్చుకోరా అంటే పారిపోయావు. ఇప్పుడు కేరళ దాకా పోతావా నాయనా?" అంది. విననే లేదు.

జులైలో వానలు కదా, ఎలా అని అడిగాను. వానాకాలమే కలరి కాలం సార్, కర్కిటక మాసంలోనే ఒంటికి నూనె పట్టించి మర్దన చేస్తారు, అప్పుడే ఒళ్ళు వంగుతుంది అన్నారు. ఇది అక్షరాలా నిజం. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఉండే కర్కిటకంలో కేరళ అంతా ఆ చికిత్సలు చేయించుకుంటారు. నెట్‌లో చూసుకుని, వీళ్ళకి విషయం తెలుసు అనుకున్నాను. ఆ ఒక్క నిజం మీద భరోసాతో మిగతావేవీ అడగలేదు. 15,000 అడ్వాన్స్ పంపించాను, అది కూడా ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి. "కంపెనీ అకౌంట్ మారుస్తున్నాం సార్" అంటే సరేనన్నాను. రోజూ ఆఫీసులో బగ్గులు పట్టే ఉద్యోగం నాది!

రాత్రి బెంగళూరులో కన్యాకుమారి రైలు ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి వర్కల శివగిరి స్టేషన్. కొండ అంచున సగం దుకాణాలు నీలం పరదాలు కప్పుకుని ఉన్నాయి. ఫోటోలో పొద్దున్నే ఇసుకలో సాధన చేస్తున్నట్టుంది. ఆ నెలలో అలలు ఒడ్డుని మింగేస్తుంటే ఇసుక ఎక్కడిది? సీ వ్యూ గది అన్నారు. కుర్చీ ఎక్కితే కిటికీలోంచి నిజంగానే కనిపించింది.

అసలు మోసం కలరి అన్న మాటలోనే ఉంది. కలరి అంటే సాధన చేసే చోటు. పాత పద్ధతిలో నేలని తవ్వి, 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పున గుంటలా కడతారు. వాకిలి తూర్పుకి. నైరుతి మూల ఏడు మెట్ల పూత్తర, అంటే దేవుడి అరుగు ఉంటుంది, దానికి మొక్కి మొదలుపెడతారు. కింద మట్టి నేల, పైన కప్పు. అందుకే వానలోనూ సాధన ఆగదు. వీళ్ళ కలరి ఏమిటంటే హోమ్‌స్టే డాబా. పైన రేకులు, కింద నున్నటి టైల్స్, వాటి మీద పిల్లల స్కూళ్ళలో వేసే రబ్బరు చాపలు. గాలి వీచినప్పుడల్లా జల్లు లోపలికి కొట్టి అంతా జారుడే. ప్రకటనలోని ఎర్రమట్టి నేల, దీపం ఎక్కడని అడిగితే, "అది రెఫరెన్స్ ఫోటో" అన్నాడు మేనేజర్.

నేర్పేవాడికి పాతికేళ్ళుంటాయి. మీ గురుక్కళ్, అంటే కలరి గురువు, ఎవరు అంటే నవ్వి ఊరుకున్నాడు. కలరిలో అడుగుకీ అడుగుకీ మలయాళంలో వాయ్‌త్తారి చెబుతారు, ఒళ్ళు ఆ మాటతో పాటు కదలాలి. ఇతను "వన్, టూ" అన్నాడు.

రెండో రోజే కత్తి, డాలు చేతికిచ్చారు. సంతోషించకండి, రీల్ కోసం. వీడియోకి 1,500 వేరే. వరుస ప్రకారం మొదట మెయ్‌త్తారి, అంటే ఒంటిని వంచే కసరత్తులు; తర్వాత కోల్‌త్తారిలో కర్రలు; ఆ తర్వాత అంకత్తారిలో కత్తి లాంటి ఇనుప ఆయుధాలు; ఆఖరున ఉత్త చేతులతో వెరుంకై. మొదటి మెట్టుకే నెలలు పడుతుంది. మా బ్యాచ్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకమ్మాయికి ఉరుమి కూడా ఇచ్చారు. నడుముకి బెల్టులా చుట్టుకునేంత మెత్తటి పొడవాటి కత్తి అది, ఏమాత్రం తేడా వచ్చినా తిప్పేవాళ్ళకే తగులుతుంది. ఆ అమ్మాయి తెలివైంది, పక్కన పెట్టేసింది.

మూడో రోజు కాళ్ళు బారజాపి కూర్చోమన్నాడు. కిందికి రావట్లేదంటే వెనక నుంచి భుజాల మీద చేతులేసి నొక్కాడు. టప్పుమని చప్పుడు నాకే వినిపించింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి అంటే, ఉళిచ్చిల్ చేయించుకుంటే పోతుంది, 2,500 అన్నారు. ఆ మర్దన మామూలుగా గురుక్కళ్ చేస్తారు, మర్మస్థానాలు తెలిసినవాళ్ళు. నాకు చేయడానికి వచ్చింది పొద్దున పుట్టు, కడల కూర వడ్డించిన అబ్బాయి. పాపం, వాడూ భయపడుతూనే చేశాడు. ఆ రాత్రి వాపు రెట్టింపైంది.

ఐదో రోజు కుంటుకుంటూ రైలెక్కి తిరువనంతపురం వెళ్ళాను. తూర్పు కోట దగ్గర సీవీఎన్ కలరి ఉంది, 1956 నాటిది. పైన నిలబడి చూడనిచ్చారు. గుంటలోకి తొంగి చూస్తే నూనె వాసన, మట్టి వాసన. పిల్లలు, పెద్దవాళ్ళు కలిసి ఒక మాట మీద కాలు విసురుతున్నారు. ఒక్క ఫోన్ కూడా బయటికి రాలేదు. నేను దేనికి డబ్బు కట్టాననుకున్నానో అప్పుడు అర్థమైంది.

తిరిగొచ్చాక కర్కిటక వావు, మన ఆషాఢ అమావాస్య. వర్కలలోని పాపనాశం ఒడ్డున పితృకార్యాలకి వేలమంది జనం. ఆ రోజు క్లాసు లేదన్నారు. ఏటా వచ్చే అమావాస్యే కదా, పది రోజుల్లో దాన్నెలా లెక్కేశారు అంటే జవాబు లేదు.

డబ్బు సంగతి. ఆరో రోజు రాత్రే బయల్దేరిపోయాను, మిగతా 11,500 కట్టలేదు. అడ్వాన్స్‌లో కొంతైనా ఇవ్వమంటే "నో రిఫండ్, వచ్చే సీజన్‌కి వాడుకోండి" అన్నారు. మట్టి కలరి, గురుక్కళ్, రద్దయితే రిఫండ్ అని వాట్సాప్‌లో రాసిచ్చారుగా అని వెతికితే చాట్ ఖాళీ. చాట్ మొదలైన రోజే అవతలివాళ్ళు మెసేజ్‌లు ఏడు రోజుల్లో మాయమయ్యే సెట్టింగ్ పెట్టారు. పెట్టినట్టు చాట్‌లో చిన్న గీత కూడా వచ్చింది, నేను పట్టించుకోలేదు. అదృష్టంకొద్దీ పెద్దనాన్న కొడుక్కి రెండు స్క్రీన్‌షాట్లు పంపి ఉన్నాను, "చూడరా ఎక్కడికెళ్తున్నానో" అని గొప్పలకి. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఆధారం ఆ గొప్పలే.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించాను. నాలుగో రోజుకి 4,000 వెనక్కొచ్చింది, అంతకుముందు ఫోన్ ఎత్తనివాళ్ళే. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే, అంటే బెంగళూరులోనే వేయొచ్చు, కేరళ వెళ్ళక్కర్లేదు. గడువు రెండేళ్ళు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ఇంకెక్కడికైనా వెళ్ళాలనుకుంటే, కట్టేముందు వీడియో కాల్‌లో నేల చూపించమనండి. గురువు పేరు, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. నిజంగా నేర్చుకున్నవాళ్ళు అది చెప్పడానికి ముచ్చటపడతారు. రసీదు సంస్థ పేరు మీద ఇస్తేనే డబ్బు పంపండి.

ఎర్రమట్టి నేల, మూలన దీపం, పక్కన నల్ల టీషర్టు మనిషి. ఇదే ఫోటో చూసి ఆగస్టు బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రోజే చాట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, నాకు మెసేజ్ చేయండి. ఫిర్యాదులో మీ రసీదు కూడా జత చేద్దాం.