వసై కోటలో ‘పోర్చుగీసు నాణెం’ కొనబోతున్నారా? ఆగండి

ముంబై, ఠాణే వైపు ఉన్నవాళ్ళూ, సెలవులకి అక్కడి మనవాళ్ళింటికి వెళ్ళేవాళ్ళూ జాగ్రత్త. వసై కోట తప్పకుండా చూడండి, కానీ అక్కడ ఎవరైనా పాత నాణెం చూపిస్తే కొనకండి. నేను 2,500 పోసి కొన్నాను.

మొన్న ఆదివారం మా బావగారితో వెళ్ళాను. పైకప్పులు పోయిన చర్చిలు, గోడల్ని పట్టుకుని పెరిగిన చెట్లు, చూస్తూ ఉండిపోయాం. ఒకాయన వచ్చి గైడ్‌నన్నాడు, 300 ఇచ్చాం. బాగానే చెప్పాడు. 1534లో గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా, అటు హుమాయూన్ మీదికొస్తాడన్న భయంతో, వసైని పోర్చుగీసువాళ్ళకి (మన పాత పుస్తకాల్లో బుడతకీచులు) రాసిచ్చాడట. 1739లో పీష్వా బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా ముట్టడించి గెలిచాక, చర్చి గంటలు మరాఠాల గుళ్ళకి చేరాయట. అది నిజమే. నాసిక్‌లో గోదావరి ఒడ్డున నారోశంకర్ గుడి గంట నేను చూశాను, దానిమీద 1721 అని ఉంటుంది. ఇంత తెలిసినవాడు మోసం చేస్తాడా అనుకున్నాను. అక్కడే పడ్డాను.

చివర్లో సముద్రం వైపు ద్వారం దగ్గర అటూ ఇటూ చూసి జేబులోంచి పొట్లం తీశాడు. గోడ కింద దొరికిందట, ఈ కోటలో ఉన్న దొరలు వాడిన నాణెమట. సిలువ గుర్తు, పైన పచ్చటి చిలుము. 6,000తో మొదలెట్టి 2,500కి దిగాడు. బావగారు వద్దంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చి చింతపండుతో తోమితే చిలుమంతా పెయింటులా ఊడొచ్చింది. కింద అంకెలు బయటపడ్డాయి: 1768. పోర్చుగీసువాళ్ళు 1739లోనే వెళ్ళిపోయారని చెప్పింది ఆయనే కదా! మరి 29 ఏళ్ళ తర్వాత ఏ దొర వచ్చి పారేసుకున్నాడో. వాళ్ళు గోవాలో 1961 దాకా ఉన్నారు, అక్కణ్ణుంచి వచ్చిందేమో అని కాసేపు ఆశపడ్డాను. కానీ అసలు నాణేనికి పెయింటెందుకు?

పోనీ నిజమైనదే అనుకోండి, అప్పుడు ఇంకో టెన్షన్. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేయకూడదు. విదేశాల్లో ఉండేవాళ్ళు సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళడం అసలే కుదరదు. నాణేలంటే ఇష్టముంటే లైసెన్సున్న డీలరు దగ్గర బిల్లుతో కొనుక్కోండి.

గైడ్‌కిచ్చిన 300 గురించి బాధ లేదు, కథ బాగా చెప్పాడు. నాణెం మాత్రం మా పిల్లాడు క్రికెట్‌లో టాస్‌కి పట్టుకెళ్తున్నాడు.